మోషే గారి రెండవ రాకడ

శుక్రవారం పొద్దున వేపపుల్ల నములుతూనే మోషే అబద్ధాన్ని సిద్ధం చేసుకున్నాడు. పుల్ల పారేసి, నోరు పుక్కిలించి, వంటింటి గుమ్మంలో నిలబడి చెప్పేశాడు.

"రేపు ఆలమూరు క్యాంపు ఉందే. వచ్చేసరికి పొద్దుపోద్ది."

"శనివారం క్యాంపేంటండీ?" అంది కృపమ్మ, పొయ్యి ఊదడం ఆపకుండా.

"గవర్నమెంటుకి శనివారమేంటి, సోమవారమేంటి?"

"సరే. ఆదివారం ఆరాధన మాత్రం ఎగ్గొట్టకండి. కారేజీలో కోడిగుడ్ల పులుసు పెట్టనా?"

అంతే. ఇంత తేలిగ్గా అయిపోతుందని తెలిస్తే ఈ అబద్ధం పెళ్ళయిన కొత్తలోనే ఆడి ఉండేవాడు.

మోషే అమలాపురం బ్లాకాఫీసులో గుమాస్తా. పెళ్ళికి ముందు గిటారిస్టు. కోనసీమలో రాక్ అనే మాటే ఎవరూ వినని రోజుల్లో తన పేట కుర్రాడు దానం, ఉప్పలగుప్తం నుంచి పడవలవాళ్ళ అబ్బాయి సూరిబాబు, మోషే కలిసి రాక్ బ్యాండు పెట్టారు. దానం డ్రమ్ములు, సూరిబాబు పాట, మోషే గిటారు. "పెద్దోళ్ళ పెళ్ళిళ్ళకి సన్నాయి మేళం ఉంది. మన పెళ్ళిళ్ళకి ఏముందిరా?" అన్నది దానం వాదన. న్యాయమైన వాదనే. కానీ రాక్ అంటే రాయి అని ఒక మాస్టారు అర్థం చెప్పాడు. అప్పట్నుంచి ఊరంతా దాన్ని రాళ్ళ బ్యాండు అంది. పాట బాగాలేని రోజున జనం ఆ పేరును చేతల్లో కూడా చూపించేవారు.

పెళ్ళిచూపుల్లో కృపమ్మ తల ఎత్తి ఒకే ప్రశ్న వేసింది. "ఆ డబ్బా కావాలా, నేను కావాలా?" మోషే కృపమ్మే కావాలన్నాడు. గిటారు దానం ఇంటికి పోయింది. అప్పటినుంచి మోషే వేళ్ళు ఫైళ్ళ దారాలు ముడివేయడానికే పనికొచ్చాయి.

అది 1983. బ్యాండు ముసలిదైపోయింది. దానానికి నడుం పట్టేసింది. సూరిబాబు గొంతు పైకి పోయిందంటే మళ్ళీ దిగిరావడం అనుమానం. అయినా ఇద్దరూ వదల్లేదు. శనివారం సాయంత్రం హైస్కూలు మైదానంలో పెద్ద కచేరీ పెట్టారు. గురువారమే దానం వచ్చి బ్లాకాఫీసు ఎదుట టీకొట్టులో మోషేని పట్టుకున్నాడు.

"ఒక్క సాయంత్రం గెస్టుగా రారా. నీ గిటారుకి తీగలు కొత్తవి ఏయించేను. ఇప్పుడు వాయించకపోతే ఇంకెప్పుడు వాయిస్తావ్? రిటైరయ్యేకా?"

మోషేకి ఆ మాట తగిలింది. చచ్చేలోగా ఒక్కసారి నలుగురి ముందు నిలబడి వాయించాలి. అయితే కృపమ్మకు తెలియకూడదు. తెలిస్తే అలిగి పుట్టింటికి పోతుంది. పుట్టిల్లు ఎదురిల్లే. అదే అసలు భయం. అక్కడ అత్తగారు ఎలీసమ్మ ఉంటుంది. పేటలో ఆడవాళ్ళ ప్రార్థన కూటం నడిపేది ఆవిడే. ఆవిడ గొంతెత్తితే కాలవ అవతల కొంగలు లేస్తాయి.

కృపమ్మకు ఇంకొక పట్టింపు ఉంది. మొగుడి పేరు నోట పలకదు. కూటంలో బైబిలు వాక్యం చదవమన్నప్పుడు మోషే ప్రవక్త పేరు వస్తే, "ఇంటాయన కర్ర చాపగా సముద్రం రెండు పాయలైంది" అని చదివేది. పేట ఆడవాళ్ళు నవ్వు ఆపుకోలేక కొంగులు నోట్లో కుక్కుకునేవారు. పోనుపోను ఆ పేరుకు, తన మొగుడికి సంబంధం ఉందన్న సంగతే ఆవిడ మరిచిపోయింది.

అమలాపురంలో మైకు ప్రచారమంటే బుచ్చిరాజే. రిక్షాకు రెండు లౌడుస్పీకర్లు కట్టుకుని సినిమాలూ, సర్కసులూ, తప్పిపోయిన గేదెలూ అన్నీ ఒకే గొంతుతో చాటేవాడు. శుక్రవారం మధ్యాహ్నం సూరిబాబు ఆయన దగ్గరికి పోయాడు. డ్రమ్ము చర్మం బిగించే పని మీద దానం ఇంట్లో ఉండిపోయాడు. దానం వెళ్ళుంటే ఈ కథ ఇక్కడే ఆగేది.

"ఏం చెప్పమంటారండీ?" అన్నాడు బుచ్చిరాజు.

"రాక్ బ్యాండండీ. మోషే గారు గెస్టు. రెండోసారి వత్తన్నారు."

"రాకా?"

"రాక కాదండీ బాబూ. రాక్."

"తెలుగు మాట పొల్లు మీద ఆగకూడదండీ. మైకు మింగేస్తాది. రాక అందాం. మోషే గారి రాక. ఆయ్, బాగుంది."

"ఎవరో మంత్రి వస్తున్నాడనుకుంటారేమోనండీ."

బుచ్చిరాజు కణత గీరుకున్నాడు. "నిజమేనండోయ్. ఆయన పేటవారు కదండీ, వారి మాటే పెడదాం. చర్చి మైకులో రోజూ వింటుంటాను... ఆఁ, రాకడ! రెండవ రాకడ! ఎలాగుందండీ?"

సూరిబాబు చేపల కుటుంబంలో పుట్టి గంగమ్మకు మొక్కేవాడు. రాకడ అంటే ఏమిటో అతనికేం తెలుసు? "అదిరిపోయిందండీ" అన్నాడు.

పేటలో ఆ మాటకు ఒకటే అర్థం. లోకాంతాన ప్రభువు తిరిగి వచ్చి, బతికినవాళ్ళకీ చచ్చినవాళ్ళకీ తీర్పు చెప్పడం. అల్లుడు వస్తే రాకడ అనరు. కలెక్టరు వచ్చినా అనరు.

పొద్దువాలే వేళకు రిక్షా పేటలోకి వచ్చింది. "సోదర సోదరీమణులారా! రేపు శనివారం సాయంకాలం! హైస్కూలు మైదానమున! మోషే గారు అతిథిగా విచ్చేయుచుండగా! రెండవ రాకడ! రెండవ రాకడ! ఇట్టి అవకాశం మరల రాదు! ప్రవేశం ఉచితం!"

రోలు దగ్గర ఆడవాళ్ళ చేతుల్లో రోకళ్ళు ఆగిపోయాయి.

"రేపేనంట పిన్నీ!" అంది పక్కింటి దీనమ్మ, ఎలీసమ్మ అరుగు ఎక్కి.

"నోర్ముయ్యవే. ఆ దినం ఎవరికీ తెలీదని రాసుంది."

"మనకి తెలీదు. బుచ్చిరాజు గారికి తెలిసిందేమో."

"రాజులకి ముందు చెప్పి మనకి ఆనక చెప్తాడా దేవుడు?" అని ఎలీసమ్మ మండిపడింది. తర్వాత కాస్త ఆగి, "ప్రవేశం ఉచితమన్నాడే? అదొక్కటీ వాక్యప్రకారమే ఉంది" అని గొణిగింది.

"మోషే గారు ముందొస్తారంట కృపమ్మొదినా!" అంది రోలు దగ్గరి ఇంకొకావిడ, ఎదురింట్లోంచి వచ్చిన కృపమ్మతో.

"కర్ర పట్టుకొస్తారో, లేదో" అంది కృపమ్మ భయంగా. మొగుడు ఆవిడ బుర్రలోకి రానే లేదు.

నిజం చెప్పాలంటే ఎవరూ నమ్మలేదు. కానీ ఒకవేళ నిజమైతే? ఈ ఒకవేళ అన్నది చెడ్డ పురుగు. దీనమ్మ వెళ్ళి, ఎప్పుడో కృపమ్మ ఇంట్లో "పోయిన" ఇత్తడి చెంబును తోమి మరీ గుమ్మంలో పెట్టింది. గోడ తగాదాతో మాటల్లేని అన్నదమ్ములిద్దరు ఒకే బీడీ పంచుకున్నారు. కాలవ దాటి, కొబ్బరితోటలు దాటి, కబురు కామందు మాణిక్యాలరావు గారి డాబాకు చేరింది.

ఈ మాణిక్యాలరావు గారు పేటకు రోడ్డు నుంచి ఉన్న దారిని తన తోటలో కలిపేసుకుని కంచె వేసిన పెద్దమనిషి. అప్పటినుంచి పేట బురదలో పడి కాలవగట్టు మీద నడుస్తోంది. శవాన్ని మోసుకుపోవాలన్నా అదే గట్టు. పేట అర్జీలు పెట్టింది, ధర్నా చేసింది, తాసీల్దారు కాళ్ళకు అడ్డం పడింది. కంచె వెదురుబద్ద కూడా కదల్లేదు. ఇప్పుడు ఆయన వరండాలో అటూ ఇటూ తిరగడం మొదలెట్టాడు.

"మన దేవుళ్ళయితే ఏదో కొబ్బరికాయ కొట్టి మాటాడుకోవచ్చు" అన్నాడు భార్య అచ్చాయమ్మతో. "వీళ్ళ దేవుడికి నా మొహమే తెలీదు. వచ్చీ రాగానే వీళ్ళ మాటే వింటాడు."

"ఆ కంచె తీయించేస్తే సరి" అంది అచ్చాయమ్మ.

చీకటి పడకముందే పాలేళ్ళు కంచె పీకేశారు. ధర్నాకు రాని బుద్ధి రిక్షా మైకుకు వచ్చింది. ఈ దేశంలో న్యాయం ఏ దారిన వస్తుందో చెప్పలేం.

ఇవేవీ తెలియని మోషే ఆఫీసు నుంచి ఇంటికొచ్చాడు. పెళ్ళాం కళ్ళు తుడుచుకుంటూ ఎదురొచ్చింది.

"రేపు క్యాంపు మానెయ్యండి. అందరం ఒక్కచోటే ఉందాం."

"గవర్నమెంటు పనే, ఎలా మానను?"

"రేపట్నుంచి గవర్నమెంటే ఉండదు."

"మొన్ననేగా మారింది, మళ్ళీనా?" అన్నాడు మోషే. జనవరిలో ఎలక్షన్లు అయ్యాయి. ఆడవాళ్ళకు రాజకీయం తలకెక్కిందనుకుని పడుకున్నాడు.

శనివారం సాయంత్రం వేదిక వెనక తెరలోంచి తొంగిచూసి దానం ఏడ్చినంత పని చేశాడు. మైదానం నిండిపోయింది. గట్ల మీద నుంచి, గోదావరి దాటించే పంటులు దిగి, సైకిళ్ళ మీద జనం వస్తూనే ఉన్నారు. అందరూ తెల్లబట్టల్లో.

"మన బ్యాండుకేరా ఇంతమంది! చూడరా మోషే!"

"తెల్లబట్టలెందుకురా?"

"పెద్దరకం జనం."

మోషే ఇంకాస్త తొంగిచూశాడు. ముందు వరసలో ఎలీసమ్మ, పక్కన తెల్లచీరలో కృపమ్మ, కళ్ళు మూసుకుని కీర్తన అందుకున్నారు. కీర్తన వినగానే దానం చెవులు రిక్కించాడు. ముందు కుర్చీలో మాణిక్యాలరావు గారు చేతులు కట్టుకుని కూర్చున్నాడు. ఆయన చేతులు కట్టుకోవడం కోనసీమ చరిత్రలో అదే మొదలు.

"సూరిబాబూ," అన్నాడు దానం నెమ్మదిగా, "మైకులో ఏం చెప్పించేవురా?"

"రెండవ రాకడని. బుచ్చిరాజు గారు కలిపేరు. బాగా పేలింది కదా?"

దానం డ్రమ్ము మీద కూలబడ్డాడు. కొత్తగా బిగించిన చర్మం చిరిగిపోయింది.

అవతల జనం ఊరికే కూర్చోలేక, చేసిన తప్పులు ఒప్పుకుంటూ సాక్ష్యాలు మొదలుపెట్టారు. ఒకరి చేతిలోంచి ఒకరు మైకు లాక్కుంటున్నారు. చివరికి మాణిక్యాలరావు గారి వంతు వచ్చింది. "అందరికీ తెలియపరిచేదేమనగా, ఆ దారి కంచె నా అంతట నేనే, ఎవరూ అడక్కుండానే తీయించేసేనండీ. ఇహ వెయ్యను. పైవారు గమనించాలి" అని ఆకాశం వైపు చూసి మరీ చెప్పాడు.

"పారిపోదాం" అన్నాడు మోషే. వెనక గోడ మీద ఒక కాలు వేశాడు. ఒక చేతిలో గిటారు ఉంది. రెండో చేత్తో గోడ అందడం లేదు. గిటారు వదిలేస్తే ఎక్కగలడు. ఇన్నేళ్ళకు చేతికొచ్చిన గిటారు. వదల్లేకపోయాడు. గోడమీదే, కాలు పైనా తను కిందా, ఆగిపోయాడు.

అంతలో బుచ్చిరాజు మైకు లాక్కున్నాడు. "ఇదిగో! ఎదురుచూసిన ఘడియ! మోషే గారు!"

సూరిబాబు తెర లాగేశాడు. తెర వెనక గోడ, గోడకు వేలాడుతూ మోషే, చేతిలో గిటారు. మైదానమంతా ఒక్కసారి నిలబడింది. పదిమంది మోకరించారు. మోషే కాలు దించి, చొక్కా సర్దుకుని, ఏం చేయాలో తెలియక నమస్కారం పెట్టాడు.

"ఇదేంటి! మా అల్లుడు గదే!" అంది ఎలీసమ్మ. కొంగలు లేచాయి.

ఆ తర్వాత గొడవే గొడవ. "మమ్మల్ని ఎర్రోళ్ళని చేసేరా?" "నేను మా తమ్ముడికి గోడ వదిలేసేను కదరా!" "చెంబు తిరిగిచ్చేసేను!" కుర్చీలు గాల్లోకి లేచాయి. రాళ్ళ బ్యాండు పాత పేరు నిలబెట్టుకునేలా ఉంది.

అప్పుడు కృపమ్మ లేచింది. వేదిక అంచుదాకా నడిచింది. మోషే గిటారును గుండెలకు అదుముకున్నాడు. ఈ దెబ్బతో రెండూ పోయినట్టే, గిటారూ పోయింది, ఆవిడా పోయింది అనుకున్నాడు.

"మోషే!" అని అరిచింది కృపమ్మ.

 పేట ఆడవాళ్ళు నోటికి కొంగులు అడ్డం పెట్టుకున్నారు. కృపమ్మ నోట మొగుడి పేరు! ఇంతకన్నా పెద్ద సూచన ఇంకేం కావాలి, లోకాంతం నిజమేనేమో అని కొందరు కుర్చీలు కిందపెట్టారు.

"ఆలమూరు ఇంత దగ్గరకి ఎప్పుడొచ్చిందండీ?" అంది కృపమ్మ.

మోషే గిటారును వీపు వెనక్కి దాచబోయాడు.

"నీ నోట్లో మాట నువ్వే దిగమింగుతావా ఏం?" అని వెనకనుంచి ఎలీసమ్మ కూతురి మీద విరుచుకుపడింది. "పొద్దున కూటంలో ఏం సాక్ష్యం చెప్పేవే? నా పాపం ఒక్కటే, ఆయన చేత గిటారు మాన్పించేను, లోకం మిగిలితే నా చేత్తో నేనే ఇచ్చి వాయించుకోమంటాను అనలేదా? నలభైమంది విన్నాం. లోకం మిగిలింది. కానియ్!"

కృపమ్మ పళ్ళు కొరికింది. మిగిలిపోయిన లోకం వైపు ఒకసారి కోపంగా చూసింది.

"వాయించండి" అంది.

మోషే వాయించాడు. నిజం దాచడమెందుకు, ఘోరంగా వాయించాడు. వేళ్ళు మొద్దుబారిపోయాయి. చిరిగిన డ్రమ్ము డబడబా అంటే, ఈ తీగ ఒకటి ఆ తీగ ఒకటి పలికాయి. సూరిబాబు గొంతు పైకి పోయి రాలేదు. అయినా ఒక్క రాయి కూడా పడలేదు. తీర్పుదినానికి సిద్ధపడి వచ్చిన జనం కాబట్టి ఓర్చుకున్నారు. పాట చివర మోషే కళ్ళలో నీళ్ళు చూసి దీనమ్మ చప్పట్లు కొట్టింది. తర్వాత అందరూ కొట్టారు. పాట అయిపోయినందుకే అన్నాడు బుచ్చిరాజు.

మర్నాడు కంచె మళ్ళీ పాతుదామని మాణిక్యాలరావు గారు పాలేళ్ళను పంపాడు. దారికి అడ్డంగా ఎలీసమ్మ పీట వేసుకుని కూర్చుంది. "ఇహ వెయ్యనని మైకులో చెప్పేరు కదండీ తమరు. ఊరంతా విన్నాం. పైవారు కూడా గమనించేరు" అని కబురు పంపింది. కంచె గుంజలు అచ్చాయమ్మ పొయ్యిలోకి పోయాయి. ఆ దారిని పేట ఇప్పటికీ రాకడ దారి అనే అంటుంది.

మరుసటి నెలలో మోషేకు నిజంగానే ఆలమూరు క్యాంపు పడింది. కృపమ్మ కారేజీ కట్టి, మారుమాట లేకుండా గిటారు కూడా తెచ్చి చేతిలో పెట్టింది.