అడ్డంకులు లేని క్యాంపు

మా ఊరి వాగు మీది వంతెనను ఎత్తుకుపోయిన వరద తర్వాత మూడో ఏట, కతార్‌లో బీదవాడికీ డాక్టరుకూ మధ్య ఏ అడ్డంకీ ఉండరాదని తీర్మానమైంది. ఎక్కడ తీర్మానమైందో మాకు చెప్పలేదు. ఒక శుక్రవారం ఇండస్ట్రియల్ ఏరియాలోని మా లేబర్ క్యాంపుకు అది రెండు తెల్ల వ్యాన్లలో వచ్చింది. ఒకదాంట్లో బల్లలు, బ్యానరు, జ్యూసు డబ్బాలు. రెండోది ఖాళీ. అడ్డంకులు దొరికితే, అవి ఉన్నవాళ్ళను ఆసుపత్రికి తీసుకుపోవడానికట.

కార్యక్రమం పేరు ‘చేరువ’. అడ్డంకుల గుర్తింపు అధికారి హోదాలో ఎవాంజెలిన్ అనే అమ్మాయి వచ్చింది. గోదావరి వైపు పిల్ల, మర్యాద తెలిసినది. ఆమె ఫారంలో పద్నాలుగు అడ్డంకులున్నాయి. భాష రాకపోవడం, దారి తెలియకపోవడం, బస్సు లేకపోవడం, సూదంటే భయం, ఇట్లాంటివి. (ముజఫ్ఫర్ అలీ అందులో లేడు.)

ముజఫ్ఫర్ అలీ మా క్యాంపు బాసు. హెల్త్ కార్డులు పోకుండా అందరివీ తన సొరుగులో పెట్టి తాళం వేస్తాడు. ఇప్పటిదాకా ఒక్కటీ పోలేదు, ఒక్కటీ బయటికి రాలేదు. కార్మికులు మనసు విప్పి మాట్లాడాలన్న మంచి ఉద్దేశంతో ఆయన కుర్చీ తెచ్చుకుని ఎవాంజెలిన్ పక్కనే కూర్చున్నాడు.

నాకు కావలసింది ఒక్కటే. నా రూములో ఉండే లింబాద్రి ఆ ఖాళీ వ్యాన్ ఎక్కాలి. తాపీపని చేస్తాడు, షుగరుంది. ఇరవై రోజుల కింద బూటులోంచి మేకు దిగింది. బొటనవేలు నల్లబడింది, రూములో వాసన వస్తోంది. అయినా రోజూ డ్యూటీకి పోతున్నాడు. పనికి పనికిరాడని రాస్తే ఇంటికి పంపుతారని భయం. (ఇంటికి పంపడానికి మాత్రం ఏ అడ్డంకీ ఉండదు.)

ఫైలు పట్టుకున్న మనిషి ఏది అడిగినా ‘అంత మంచిగున్నది’ అనడం మా జిల్లాల వాళ్ళకు అలవాటు. ఎయిర్‌పోర్టులో అంటాం, ఇంజనీరుతో అంటాం, ఇంటికి ఫోన్ చేసినా అంటాం. అది అబద్ధం కిందికి రాదు. హాజరు పలకడం లాంటిది.

లింబాద్రి బల్లలు వేసిన హాలు గుమ్మం దాకా కుంటుకుంటూ వచ్చి, గుమ్మం దగ్గర కుంటడం మానేశాడు.

“డాక్టరు దగ్గరికి వెళ్ళడానికి మీకేమైనా ఇబ్బందుందా అండి?” అని అడిగింది ఎవాంజెలిన్.

“ఏం లేదు మేడం. అంత మంచిగున్నది.”

“కాలికేమైనా అయ్యిందా?”

“కాలికేమైతది మేడం. రెండున్నయి.”

“ఒకసారి బూటు తీస్తారా?”

“బూటు కంపెనీది మేడం.”

“లింబాద్రి తో ఏక్‌దమ్ ఫిట్ హై,” అన్నాడు ముజఫ్ఫర్ అలీ, ఫోను మీంచి తల ఎత్తకుండా.

లింబాద్రి సంతకం పెట్టి, జ్యూసు తీసుకోకుండా పోయాడు. అట్లా రెండు వందల పన్నెండు మందిని అడిగారు. రెండు వందల పన్నెండు మందికీ అడ్డంకులు లేవు. క్యాంపులో ఊడ్చేవాణ్ణి కాబట్టి నా వంతు చివరిది. అప్పటికి ముజఫ్ఫర్ అలీకి ఫోనొస్తే బయటికి పోయాడు.

“బిడ్డా, ఆ లింబాద్రి వేలు నల్లగైంది. వ్యాన్ల ఎక్కించుకపో,” అన్నాను.

“ఒకరి జబ్బు ఇంకొకరు చెప్పకూడదు పెద్దాయనా. గోప్యత. ఆయనే చెప్పాలి.”

“వాడు చెప్పడు.”

“ఎందుకు చెప్పరు?”

“చెప్తే ఇంటికి పంపుతరని.”

ఆమె కాగితాలు తిరగేసింది. “అది ఈ పద్నాలుగులో లేదండి. పదిహేనోది చేర్చమని పైకి రాస్తాను. ఆరు వారాలు పడుతుంది.”

“వేలు అన్ని రోజులు ఆగదమ్మా. వ్యాన్ ఊరికెనే పోతున్నది గదా.”

“అడ్డంకి ఉన్నవాళ్ళకే వ్యానండి. ఆయనకి ఏ అడ్డంకీ లేదని ఇప్పుడే సంతకం పెట్టారు.”



“అయితే నాది రాయి,” అన్నాను. “మోకాళ్ళు. నడవరాదు.”

పొద్దున ఆ బల్లలన్నీ వ్యాన్లోంచి మోసింది నేనే. ఆమె చూసింది. ఇప్పుడు ఇంకోసారి చూసింది.

“తోడు మనిషి కావాలా అండి?”

“కావాలె.”

“పేరు?”

“లింబాద్రి.”

ఆమె మొహంలో ఏ మార్పూ లేకుండా రాసుకుంది. దోహాలో ముషైరిబ్ అనే చోట ఉన్న ‘చేరువ’ ఆఫీసుకు ఫోన్ చేసింది. ఆఫీసువాళ్ళు సంతోషించారట. అసలు అడ్డంకులే లేకపోతే కార్యక్రమం దండగంటారు, ఎక్కువుంటే కంపెనీ నొచ్చుకుంటుంది. ఒకటి సరైన సంఖ్య. ఒకటి దొరికి ఒకటి తొలగితే నూటికి నూరు. వ్యాను రేపు పొద్దున ఆరింటికి, తోడు మనిషి కార్డు కూడా తప్పనిసరి.

ముజఫ్ఫర్ అలీ సొరుగు తెరిచి రెండు కార్డులు తీశాడు. “బుడ్డా ఖలాస్,” అని, అంటే ముసలోడి పనైపోయిందని, తన పుస్తకంలో నా పేరు పక్కన ఏదో రాసుకున్నాడు. ఏం రాశాడో నేను అడగలేదు.

“కాకా, నాకేం కాలేదే,” అన్నాడు లింబాద్రి, సాయంత్రం.

“నీకైందని ఎవడన్నడు? నాకు తోడు రా.”

మర్నాడు పొద్దున ఇద్దరం వ్యాన్ దాకా నడిచాం. ఫారం ప్రకారం నేను వాడి భుజం పట్టుకోవాలి. వాడే నా భుజం పట్టుకున్నాడు. ఆసుపత్రిలో డాక్టరు పేషెంటు ఎవరని అడిగాడు. నేను వంగి లింబాద్రి బూటు లాగేశాను. డాక్టరు ఆ వేలును చూశాక ఫారం వైపు చూడలేదు. వేలు తీసేయాలన్నాడు, పాదం దక్కుతుందన్నాడు, ఇంకో వారమైతే అదీ చెప్పలేకపోయేవాడినన్నాడు. లింబాద్రిని అక్కడే ఉంచుకున్నారు.

నేను బయటికి వచ్చేసరికి వ్యాన్ నిలబడే ఉంది. డ్రైవరు ఇక్బాల్ మంచివాడే, కానీ కాగితం చూపించాడు. నడవలేని పేషెంటును తోడు మనిషి లేకుండా ఎక్కించుకోరాదు. అతని తప్పేం లేదు.

నా మోకాళ్ళు పనిచేయవని రాసిన కాగితం జేబులో పెట్టుకుని, ఎండలో క్యాంపుకు నడిచి వచ్చాను.