వంత లేని క్యాసెట్

ఎర్రమడుగు మండలంలో నాటు వేసే ఆడవాళ్ల నడుములు ఏటా ఒక అంగుళం చొప్పున వంగుతూ వచ్చి, ఈ ఉదయానికి నర్సవ్వ ముక్కు మడి నీటికి సరిగ్గా అంగుళం దూరంలో ఆగింది. విచారణాధికారి శశిధర్ గట్టు మీద గొంతుక్కూర్చుని స్కేలుతో రెండుసార్లు కొలిచాడు. వచ్చే నాట్లకు ఆమెకు ఊపిరి ఆడదు.

కారణం నర్సవ్వ అక్క కనకవ్వ పాడిన మొదటి క్యాసెట్. ఇరవై ఎనిమిదేళ్లుగా అది మోగనిదే అక్కడ ఎవరూ మడిలో కాలు పెట్టడం లేదు. పూర్వం ఒకరు చరణం పాడితే మిగతావాళ్లు నడుమెత్తి వంత పాడేవారు. క్యాసెట్లో వంత లేదు. చరణం మీద చరణం. నడుమెత్తే సందు దొరకలేదు.

ప్రభుత్వం చేయగలిగింది చేసింది. రేషన్ షాపు కిటికీని మోకాలి ఎత్తుకు దించారు. గుర్తింపు కార్డు మీద ముఖానికి బదులు నడినెత్తి ఫోటో చాలన్నారు. మడిలో నీళ్లు తగ్గిస్తే పైరు నిలవదు కాబట్టి, ఇక మిగిలింది వంత తీసేసిన మనిషెవరో తేల్చడమే.

క్యాసెట్ కంపెనీ యజమాని తాను ఒక్క ముక్క కూడా కోయలేదని, స్టూడియోలో ఎంత పాడితే అంతే ఎక్కించానని రాసిచ్చాడు. కనకవ్వ తనకేమీ గుర్తులేదంది. గట్టు మీద క్యాసెట్ మోగుతున్న స్పీకరు ఆపించి, చీర ఎగ్గట్టి, చెల్లెలి పక్కన బురదలోకి దిగింది. ఒక చరణం పాడి ఆగింది.

ఎవరూ లేవలేదు. ఆ సందులో పదకొండు మంది తలా ఒక నారు మొక్క ఎక్కువ నాటారు. రెండో చరణం తర్వాత ఇంకాసేపు ఆగింది. ఈసారి రెండేసి మొక్కలు పడ్డాయి. పని వేగం పెరిగిందని శశిధర్ నమోదు చేసుకున్నాడు.

"లేవే నర్సూ," అంది కనకవ్వ. "నీ కోసమే ఆపిన."

"ఇప్పుడెందుకక్కా? ఆ దినం స్టూడియో అరుగు మీద పొద్దుగూకే దాక కూసున్నం, లోపలికి పిలుస్తరని."

పిలవొద్దన్నది ఎవరని శశిధర్ అడిగాడు. నర్సవ్వ చెయ్యి ఆపలేదు. నీళ్లలో కదులుతున్న అక్క ముఖం నీడ మధ్యలో ఒక మొక్క గుచ్చింది.

"జర పక్కకు జరుగు అక్కా, నీ కాళ్ల కాడ నాటెయ్యాలె. సారూ, రాసుకో. వీళ్లెందుకు, నా గొంతొక్కటి సాలన్నది కనకవ్వ."