గుచ్చుకునే పాట

శుక్రవారం పొద్దున్న కాఫీ తాగుతూ ఎజ్రా మాస్టారు ఆ రోజుకి ఒక్క పనే పెట్టుకున్నారు. సాయంత్రంలోగా హెలెన్ గొంతులో గరుకు పోగొట్టాలి. హెలెన్ ఆయన భార్య. పోయి రేపటికి ఏడాది. కొవ్వూరు లూథరన్ చర్చిలో ముప్పయ్యేళ్లు పాడిన మనిషి. ఆమె పాడిన ఒకే ఒక్క కీర్తన పాత క్యాసెట్లో మిగిలితే, దాన్ని పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి, రేపటి జ్ఞాపకార్థ కూడికలో వినిపిద్దామని రాజమండ్రి నుంచి యాంప్లిఫయరూ, నిలువెత్తు స్పీకర్లు రెండూ తెప్పించారు.

తీరా పెడితే, పాటలో 'స' వచ్చిన చోటల్లా సూది గుచ్చినట్టుంది. 'స్తుతి' అనేసరికి వరండాలో పడుకున్న కుక్క లేచి వెళ్లిపోయింది. మాస్టారికి నవ్వు రాలేదు. ఈ ఏడాదిలో ఆమె అసలు గొంతు ఆయనకి కొద్దికొద్దిగా మరపున పడుతోంది. ఇప్పుడీ గరుకు గొంతే చెవిలో పాతుకుపోతే అసలుది ఇక దొరకదని భయం పట్టుకుంది.

స్పీకర్లు అమ్మినతనికి ఫోను చేశారు.

"లోపం పెట్టెలది కాదండి, మీ గదిది" అన్నాడతను. "గ్రానైటు నేల, గాజు కిటికీలు, బోసి గోడలు. శబ్దం అన్నిటికీ తగిలి వెనక్కొచ్చేస్తోందండి. గట్టి సామానంతా బయట పెట్టేసి మెత్తటివి పరవండి. కర్టెన్లు వేసేసి, రెండు పెట్టెలకీ ఎదురుగా మధ్యలో ఉండి వినండి."

జీవితమంతా సైన్సు పాఠాలు చెప్పిన మనిషి కాబట్టి మాస్టారు చెప్పింది చెప్పినట్టు చేశారు. చెక్క కుర్చీలు, గాజు బల్ల, టీవీ స్టాండు వరండాలోకి చేర్చారు. హాలు మధ్య దూది పరుపు వేసి తెల్ల దుప్పటి పరిచారు. కర్టెన్లు వేసి, ఫ్యాను ఆపి, ఫోను కూడా ఆపేశారు. అంత సామాను మోసేసరికి నడుం పట్టేసి కూర్చోవడం కుదరలేదు. పరుపు మీద వెల్లకిలా పడుకుని, చేతులు రెండూ గుండెల మీద పెట్టుకుని, కళ్లు మూసుకుని పాట విన్నారు. గుచ్చడం కొంత తగ్గింది గానీ మానలేదు.

సరిగ్గా అప్పుడే చర్చిలో గంట కొట్టే ముసలయ్య సైకిలు మీద అటుగా వచ్చాడు. కుర్చీలన్నీ వరండాలో ఉన్నాయి. ఆ వీధిలో హాలు ఖాళీ చేసి కుర్చీలు బయట వేశారంటే ఒకటే అర్థం. "మాస్టారండీ" అని రెండుసార్లు పిలిచాడు. పాట హోరులో మాస్టారికి వినబడలేదు. కర్టెను సందులోంచి తొంగి చూస్తే తెల్ల దుప్పటి, గుండెల మీద చేతులు, లోపల పరలోకం గురించిన పాట. తనని ఏడో తరగతి గట్టెక్కించిన మాస్టారు. ముసలయ్య కళ్లు తుడుచుకుంటూ తిన్నగా చర్చికి తొక్కాడు.

సంఘంలో ఎవరైనా పోతే వయసెంతో అన్ని గంటలు కొట్టడం అక్కడి ఆనవాయితీ. ఇంట్లో మాస్టారు గంట విని పాట ఆపి లెక్కపెట్టారు. డెబ్బై ఒకటి దగ్గర ఆగింది.

"నా ఈడువాళ్లే ఎవరో పోయారు పాపం" అనుకుని, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని పలకరింపుకి బయల్దేరారు.

గేటు దగ్గర పక్కింటి అరటితోటల పెద్దిరాజు పూలదండతో ఎదురొచ్చాడు. వెనకాల అతని భార్య సూర్యకళ ముక్కు తుడుచుకుంటోంది.

"ఎవరండీ పోయింది?" అని అడిగారు మాస్టారు.

పెద్దిరాజు దండ వెనక్కి దాచుకున్నాడు. అబద్ధం చెప్పడం చేతకాని మనిషి. "మీరేనండి" అన్నాడు.

"ఎప్పుడంట?"

"పొద్దున్నేనంటండి. నిద్రలోనే అని ముసలయ్య చెప్పాడండి."

"పోన్లెండి, ఇబ్బంది పడలేదు కదా" అన్నారు మాస్టారు.

ఈలోగా వీధి నిండిపోయింది. పాస్టరు గారు బైబిలుతో వచ్చారు. పాటల బృందంలో వాళ్లంతా వచ్చారు. ముసలయ్య వచ్చి, నిలబడి ఉన్న మాస్టారిని చూసి అరుగు మీద కూలబడ్డాడు. అతన్ని ఒక్క మాటా అనకుండా మాస్టారు అందరినీ లోపలికి పిలిచారు.

"ఇంత దూరం నా కోసమే వచ్చారు. ఊరికే పంపడం బావుండదు. ఒక పాట విని వెళ్లండి."

అరవై మంది హాల్లో ఇరుక్కుని కూర్చున్నారు. నేల కనబడలేదు. గోడల పొడుగునా చీరలే. మాస్టారు పాట పెట్టి, మొదటి 'స' కోసం పళ్లు బిగించుకున్నారు. అది వచ్చింది, వెళ్లింది. గుచ్చలేదు.

వంటింట్లో కూనిరాగం తీసినప్పటి గొంతు, గుండ్రంగా, కాస్త ఆయాసంతో, అలాగే వచ్చింది. హెలెన్ ఉన్నన్నాళ్లూ శనివారం శనివారం ఈ హాల్లోనే బృందానికి పాటలు నేర్పేది. ఆమె పోయాక మాస్టారు ఒక్కరినీ గుమ్మం తొక్కనివ్వలేదు. ఆ గొంతుకి ఇన్నాళ్లూ తక్కువైంది ఈ మనుషులేనని ఇప్పుడు తెలిసొచ్చి, అరవై మంది ముందూ దాచుకోకుండా ఏడ్చారు.

"మా హెలెనమ్మే" అంది పాటల ఏసమ్మ. "మళ్లీ పెట్టండి మాస్టారూ."

రెండోసారి పాట మొదలవుతుండగా గుమ్మం ముందు వ్యాను ఆగింది. "ఫ్రీజర్ బాక్సు ఎక్కడ దించమంటారండి?" అన్నాడు డ్రైవరు. పెద్దిరాజు తల దించుకున్నాడు. మాస్టారు లేచి గుమ్మం దాకా వెళ్లారు.

"దాని మోటారు చప్పుడు చేస్తుందా?"

"ఆయ్, కొంచెం చేస్తుందండి."

"అయితే ఇప్పుడొద్దు" అని మాస్టారు తలుపు మెల్లగా దగ్గరికి వేశారు.