గిరిశిఖరలో నీరు నిలవదు

గుంటూరు శివారులోని మా గిరిశిఖర కాలనీలో ఎంత వాన కురిసినా నీరు నిలవదని ఇందుమూలంగా మరోసారి తెలియజేస్తున్నాము. కాలనీ సంఘం కార్యదర్శిగా ఈ తీర్మానాన్ని ఏటా మినిట్స్ పుస్తకంలో రాసేది నేనే. నిరుడు ఆగస్టులో సభ్యులు ప్యాంట్లు మోకాళ్ల పైకి మడిచి, చెప్పులు చేత్తో పట్టుకుని వచ్చి మరీ దీన్ని ఏకగ్రీవంగా ఆమోదించారు. అధ్యక్షులు రామచంద్రమూర్తి గారు కుర్చీ ఎక్కి నిలబడి, "మన ప్లాట్ల విలువే మన విలువ. అది తడవకూడదు" అన్నారు. చప్పట్లకు చెప్పులు అడ్డం వచ్చాయి.

సభ ముగించుకుని వెళ్తుంటే మూర్తి గారి కారు వీధి మధ్యలో రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. ఆయన పట్టు వదలకుండా పన్నెండుసార్లు తాళం తిప్పారు.

"ఇంజన్ నీళ్లు తాగిందండీ. అప్పుడు తాళం తిప్పకుండా ఉంటే బతికేది. లోపల రాడ్లు వంగిపోయాయి" అన్నాడు మెకానిక్ గఫూర్. అతను చెప్పిన ఖర్చుకు ఇంకో పాత కారు వస్తుంది. ఎయిర్ ఫిల్టర్‌లో ఒక చేపపిల్ల కూడా దొరికింది. మూర్తి గారు దాన్ని సాక్ష్యంగా పచ్చడి సీసాలో భద్రపరిచారు. చిలకలూరిపేట స్కూల్లో టీచరైన వారి శ్రీమతి బాలసరస్వతి గారు బస్సులో నిలబడి వెళ్లడం మొదలుపెట్టారు. ఇన్సూరెన్స్ వస్తే తప్ప ఆ కారు కదలదు.

ఇన్సూరెన్స్ సర్వేయర్ రామకాంత్ గారు ఐదో రోజున వచ్చారు. అప్పటికి నీళ్లు తీశాయి. కాలనీ ఆనవాయితీ ప్రకారం ప్రతి ఇంటివారూ పిడుగురాళ్ల సున్నం తెప్పించి, గోడ మీద బురద చార ఎంతవరకు ఉందో అంతవరకు తెల్లగా కొట్టించేశారు. కింద తెలుపు, పైన మీగడ రంగు. ఆ డిజైన్ ఆయనకు ఎంతో నచ్చింది.

"నీళ్లు వచ్చినట్టు ఆధారం కావాలండి. మీ సంఘం లెటర్‌హెడ్ మీద ఒక ముక్క రాసిచ్చినా చాలు" అన్నారాయన.

మూర్తి గారు పరుగున నా దగ్గరికి వచ్చారు. "రాసివ్వవయ్యా. ఆ రోజు నువ్వూ లుంగీ ఎగ్గట్టుకునే వచ్చావుగా."

నాకు నిజంగానే జాలేసింది. కానీ అప్పటికే ఇంటి పక్కన ఉన్న నా ఖాళీ ప్లాటు బేరానికి పెట్టి ఉన్నాను. జాలి నా సొంతం, లెటర్‌హెడ్ సంఘానిది. అందుచేత అత్యవసర సభ జరిపాం. ముందు కారుకు ఒక నిమిషం మౌనం పాటించాం. తరువాత, కాలనీలో నీరు నిలవలేదనీ, ఇంజన్‌లోకి నీరు ఎక్కడి నుంచి వచ్చిందో సంఘానికి తెలియదనీ, చేప విషయం మత్స్యశాఖ పరిధిలోనిదనీ తీర్మానించాం. దాని మీద అధ్యక్షుల సంతకం ఉండాలి. మూర్తి గారు కలం మూత తీశారు, పెట్టారు, మళ్లీ తీశారు. ఆయనకు ఇదే కాలనీలో ఇంకా రెండు ప్లాట్లున్నాయి. సంతకం పెట్టారు.

క్లెయిము తిరస్కరించారన్న ఉత్తరాన్ని బాలసరస్వతి గారు రెండుసార్లు చదివారు.

"మోకాళ్ల లోతు నీళ్లలో కారు ముంచి, నీళ్లు లేవని సంతకం పెట్టారు. పోనీ పడవ కొందామన్నా, మన కాలనీలో నీళ్లు లేవాయె" అని, బస్సుకు టైమవుతోందని వెళ్లిపోయారు.

రామకాంత్ గారు నిజాయితీపరులు. ఆ కాలనీలో నీరు నిలిచే అవకాశమే లేదని రిపోర్టులో రాశారు. తన రిపోర్టు మీద తనకే గురి కుదిరి, నెల తిరగకుండా నా ప్లాటు కొని, ఈ వానాకాలానికల్లా ఇల్లు కట్టుకున్నారు. మొన్నటి వానకు ఆయన కారూ గేటు ముందే దగ్గి ఆగిపోయింది. పచ్చడి సీసాతో నా ఇంటికి వచ్చారు. నేను కాఫీ ఇచ్చి, ఆయన రాసిన రిపోర్టు నకలు చూపించాను. సాయంత్రం సభ జరిగింది. మూర్తి గారే అధ్యక్షత వహించి, ఒక నిమిషం మౌనానికి ఎంతో శ్రద్ధగా లేచి నిలబడ్డారు. తీర్మానం మీద కొత్త సభ్యుని హోదాలో రామకాంత్ గారు కూడా సంతకం చేశారు. మర్నాడు సున్నానికి కబురు పంపారు.

వారి ఇల్లు ఇప్పుడు అమ్మకానికి ఉంది. మీరు ఎలాగూ నీళ్ల సంగతి అడగరు, గజం ఎంతని అడుగుతారు. రేపటికి ఇంకా పెరుగుతుందని చెబుతాం, నమ్ముతారు. ఆదివారం వచ్చి చూసుకోండి. కారు మాత్రం హైవే మీదే ఆపి, నడిచి రండి.