మైకాయన కొనుక్కున్న నిశ్శబ్దం

రండి, రండి, ముందుకు జరిగి కూచోండి. వెనక బెంచీ వాళ్లు గుసగుసలు ఆపాలి. దగ్గొచ్చేవాళ్లు ఇప్పుడే దగ్గేసుకోండి, మధ్యలో వద్దు. చెప్పబోయేది చెవుల సంగతి కాబట్టి, ఉన్న రెండూ కాసేపు ఇటు పడేయండి.

ఒక పెద్ద బస్టాండు. అందులో ఒక ఇరుకు అద్దాల గది. గదిలో ఒక మైకు, మైకు ముందు ఒక మనిషి. ఆ మనిషి "ప్రయాణికులకు విజ్ఞప్తి" అన్నాడంటే చాలు, కునుకు తీస్తున్నవాడు చెప్పులు వెతుక్కునేవాడు, డ్రైవరు టీ గ్లాసు సగంలో వదిలేసేవాడు, చంకలో పిల్ల ఏడుపు మింగేసేది. అందరూ అతన్ని మైకాయన అనే పిలిచేవారు. అసలు పేరు ఇంటి కరెంటు బిల్లు మీద తప్ప ఇంకెక్కడా కనపడేది కాదు.

ఊరందరికీ వినిపించేవాడికి తనకంటూ వినడానికి ఏమీ లేదు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా నెత్తిమీద లౌడ్‌స్పీకరు, అందులో తన గొంతే. ఇంటికొస్తే టీవీ ఒక గదిలో, మిక్సీ ఒక గదిలో, రెండింటి మధ్య భార్య ఫోను స్పీకరు మీద పెట్టి తమ్ముడితో మాట్లాడుతూ ఉండేది. పాత పాటలంటే మైకాయనకి ప్రాణం. అయితే పల్లవి వింటే చరణం మిక్సీలో పడేది, చరణం వింటే పల్లవి టీవీలో పడేది. ఒక్క పాటంటే ఒక్క పాట, మధ్యలో ఎవరూ రాకుండా, మొదట్నించి చివరిదాకా వినాలి. అతని కోరిక అంతే. దానికోసం ఫుట్‌పాత్ సరుకు కాకుండా జీవితంలో మొదటిసారి నాణ్యమైన హెడ్‌ఫోన్లు కొందామని నెలల తరబడి టీలు మానేసి, షేరాటోలు మానేసి, కొంత వెనకేశాడు.

ఇక్కడ ఇంకో సంగతి చెప్పకపోతే కథ కుంటుతుంది. ఆ మధ్య బస్టాండుకి ఒక కంపెనీ మనిషి టై కట్టుకుని వచ్చిపోతున్నాడు. అనౌన్సుమెంట్లు వాటంతటవే చెప్పే మెషిను అమ్ముతానంటాడు. మేనేజరు మాత్రం తల అడ్డంగా ఊపుతూ వచ్చాడు. "జనం మనిషి మాటకే కదులుతారయ్యా. రికార్డింగు వింటే పక్కకి తిరిగి పడుకుంటారు" అనేవాడు. మేనేజరుగారి ఆ ఒక్క నమ్మకం మీదే మైకాయన ఉద్యోగం నిలబడి ఉంది. అది కూలితే పెళ్లాంపిల్లలతో సహా అతనూ కూలతాడు.

సెలవురోజు పొద్దున అతను చొక్కా గుండీలు పెట్టుకుంటుంటే భార్య వాకిట్లో అడ్డం నిలబడింది.

"ఇప్పటికే పిలిస్తే పలకరు. ఇంక చెవులకి తలుపులు కూడా పెట్టిస్తున్నారా?"

"పాటలు వినడానికే."

"నేను మాట్లాడేది పాటలా లేదనేగా."

మైకాయన చెప్పుల్లో కాళ్లు పెట్టాడు. అంతలో బావమరిది దిగాడు. ఏ వస్తువూ కొనకుండానే ప్రతి వస్తువు గురించీ చెప్పగలిగిన మహానుభావుడు అతను. వారం నుంచి చెప్తున్న సలహానే మళ్లీ ఎత్తుకున్నాడు.

"బావా, దుకాణంలో వాళ్లు పెట్టిన పాటతో పరీక్ష చేయకు. వాళ్ల పాట వాళ్ల సరుకు మీద బాగానే ఉంటుంది. నీ చెవికి బాగా అలవాటైన శబ్దం తీసుకెళ్లు. అందులో తేడా ఇట్టే పట్టేస్తావు."

"సరే."

"ఇంకోటి. చవకదైతే శబ్దం చెవిలో గుచ్చుకుంటుంది. మంచిదైతే చెవిలో ఉన్నట్టే ఉండదు. బయట ఎక్కడో, వీధి చివర్న నిలబడి పాడుతున్నట్టుంటుంది. అలా అనిపిస్తే కళ్లు మూసుకుని కొనేయ్."

ఈ రెండు ముక్కలూ అక్షరాలా నిజం. మైకాయన కొంప ముంచినవీ ఈ రెండే.

చెవికి బాగా అలవాటైన శబ్దం ఏదని ఇంకెవర్ని అడిగినా ఫలానా పాట అంటారు. మైకాయన చెవికి బాగా అలవాటైన శబ్దం మైకాయనే. అందుకని ముందురోజు పొద్దున డ్యూటీ అంతా ఫోనులో రికార్డు చేసిపెట్టుకున్నాడు. ఆ పొద్దున ఒక బస్సు రెండో ప్లాట్‌ఫాం మీద చచ్చి పడుంటే, జనాన్ని అటూ ఇటూ మార్చి మార్చి అతని తల ప్రాణం తోకకొచ్చింది. అదంతా అందులో ఉంది.

దుకాణం బస్టాండు గేటుకి సరిగ్గా ఎదురుగా ఉంది. గుమ్మం బయట పీపా అంత స్పీకరు, లోపల అద్దాల అల్మారాలు. యజమాని అతన్ని చూసి కుర్చీ వేశాడు.

"బడ్జెట్ ఎంతలో చూస్తారు?"

మైకాయన చెప్పాడు. యజమాని ముఖం కొంచెం చిన్నబోయినా, మనసు పెద్దది చేసుకున్నాడు. ఒకటి చూపిస్తే అది చెవులని పటకారులా పట్టుకుంది. ఇంకొకటి చూపిస్తే పెట్టుకున్న నిమిషానికి చెవులు ఉడికాయి. మూడోది మెత్తగా కూచుంది, ధర కూడా అతను దాచిన డబ్బుకి అతికినట్టు సరిపోయింది.

"ఇది బయటి గోలంతా ఆపేస్తుందండి. వైరు ఉండదు. ఫోనులో పేర్లు వస్తాయి, మా కంపెనీ పేరు మీద నొక్కండి, కలిసిపోతుంది. నేను లోపల కొత్త పెట్టె తీసుకొస్తా" అని యజమాని వెనక గదిలోకి వెళ్లాడు.

ఫోనులో ఆ కంపెనీ పేరు రెండుసార్లు వచ్చింది. ఒకటి హెడ్‌ఫోన్లది. ఒకటి గుమ్మం బయట పీపాది. మైకాయన క్యూలో ముందున్నవాడినే ముందు పిలిచే మనిషి. పైనున్నది నొక్కాడు. రికార్డింగు పెట్టాడు.

చెవిలో చీమ చిటుక్కుమనలేదు. అంత నిశ్శబ్దం అతను పుట్టి ఎరగడు. తర్వాత, ఎక్కడో చాలా దూరంలో, వీధి చివర్నించి, దుప్పటి కప్పుకుని మాట్లాడుతున్నట్టు తన గొంతే వినిపించింది. మైకాయనకి ఒళ్లు పులకరించింది. బావమరిది చెప్పింది చెప్పినట్టే ఉంది. చెవిలో గుచ్చుకోవడం లేదు. బయట నిలబడి ఎవరో మర్యాదగా మాట్లాడుతున్నారు. అతను కుర్చీలో వెనక్కి వాలి, కళ్లు మూసుకుని, సౌండు ఇంకాస్త పెంచాడు.

బయట పీపా బద్దలయ్యేలా మోగింది.

"ప్రయాణికులకు విజ్ఞప్తి. రెండో ప్లాట్‌ఫాం మీద ఉన్నవారందరూ అయిదో ప్లాట్‌ఫాంకి వెళ్లవలసిందిగా కోరుతున్నాం."

రెండో ప్లాట్‌ఫాం లేచింది. మూటలు, పెట్టెలు, ముసలమ్మలు, చంటిపిల్లలు, అందరూ అయిదుకి పరిగెత్తారు. అక్కడ అప్పటికే ఉన్నవాళ్లతో కలిసి అడుగు పెట్టే చోటు లేకుండా అయింది. ఊపిరి తీసుకునేలోగా "అయిదో ప్లాట్‌ఫాం మీద ఉన్నవారు తిరిగి రెండో ప్లాట్‌ఫాంకి రావలసిందిగా" అని వినపడింది. జనం తిట్టుకుంటూనే వెనక్కి మళ్లారు. తిట్టారు గానీ ఒక్కడు కూడా ఆగలేదు.

ఆ రోజు మైకు దగ్గర టికెట్ల గుమాస్తా కూచుని ఉన్నాడు. అతను హడావిడిగా మైకు అందుకుని, "అది నమ్మకండి. అది మేము చెప్పింది కాదు. ఎక్కడివాళ్లక్కడ ఉండండి" అన్నాడు.

"వీడెవడు మధ్యలో? మైకాయన చెప్తుంటే వినపడట్లేదా?" అన్నారు జనం.

అంతలో ముందురోజు చచ్చిన బస్సుని లాగడానికి లారీ వచ్చినప్పటి ముక్క వచ్చింది. "డ్రైవర్లందరూ తమ బస్సులు వెనక్కి తీసి దారి ఇవ్వవలసిందిగా కోరుతున్నాం." డ్రైవర్లు అతని మాట ఏనాడూ జవదాటలేదు. బస్సులన్నీ ఒక్కసారిగా రివర్సు గేరు వేశాయి. ఎవరి వెనక ఎవరున్నారో చూసే తీరిక లేదు. ఒక బస్సు వెనక అద్దం పోయింది, ఒక బస్సు పక్క దీపం పోయింది, ఒక బస్సు గేటు బయటికి వచ్చి రోడ్డుకి అడ్డంగా పడుకుంది. రోడ్డు మీద కార్లు హారన్లు అందుకున్నాయి. మైకాయనకి ఆ హారన్లు తేనెటీగ పాటంత సన్నగా వినపడ్డాయి. "సన్నాయి కూడా వేశారు" అని మురిసిపోయి సౌండు చివరికంటా పెంచాడు.

"గోధుమరంగు సంచి పోగొట్టుకున్నవారు వచ్చి గుర్తులు చెప్పి తీసుకెళ్లవలసిందిగా కోరుతున్నాం. సంచిలో విలువైన వస్తువులున్నాయి."

ఇక చెప్పేదేముంది. ఆ ఊళ్లో అన్ని గోధుమరంగు సంచులు పోయాయని అప్పటిదాకా ఎవరికీ తెలియదు. చేతిలో గోధుమరంగు సంచి పట్టుకున్నవాళ్లు కూడా బయల్దేరారు. గొంతు ఎటునుంచి వస్తోందో అటే నడిచారు. ఆ నడకకి ముందు స్టేషన్ మేనేజరు ఉన్నాడు. చొక్కా తడిసి, టోపీ చంకలో పెట్టుకుని, దుకాణం మెట్లెక్కాడు.

సరిగ్గా అప్పుడు రికార్డింగులో మైకు కట్టేసిన ముక్క వచ్చింది. మైకు కట్టేసినా ఫోను తెరిచే ఉందిగా. "మేనేజరుగారికేం, ఫ్యాను కింద కూచుంటారు. ఆ కుర్చీకున్నపాటి కదలిక కూడా ఆయనకి లేదు. కుర్చీ నయం, చక్రాలైనా ఉన్నాయి" అని వీధి వీధంతా వినపడింది.

మేనేజరు మైకాయన ఎదురుగా వచ్చి నిలబడ్డాడు. మైకాయన కళ్లు తెరవలేదు. చెవులు మూసుకున్నవాడు ఎలా మాట్లాడతాడో అలా, పైకప్పు అదిరేలా అరిచాడు.

"ఎంత బాగుందో. ఎవరో ఎదురుగా నిలబడి తిడుతున్నట్టే ఉంది."

"నిలబడే ఉన్నానయ్యా" అన్నాడు మేనేజరు.

మైకాయన కళ్లు తెరిచాడు. మేనేజరు వెనక జనం, జనం వెనక రోడ్డుకి అడ్డంగా బస్సు. లేవబోయేలోగా ఎవరో "సంచి ఇతని దగ్గరే ఉంది" అన్నారు. జనం మీద పడ్డారు. ఒకావిడ చొక్కా పట్టుకుంది, ఒకాయన హెడ్‌ఫోన్లు పట్టుకున్నాడు. హెడ్‌ఫోన్ల ఎడమ చెవి ఊడి ఎవరి కాలికిందో కరకరలాడింది.

యజమాని కొత్త పెట్టె పట్టుకుని వెనక గదిలోంచి వచ్చాడు. చూశాడు. పెట్టె మళ్లీ లోపల పెట్టేశాడు.

"సార్, మీకు నచ్చిందన్నారుగా. అదే ఇస్తాను" అన్నాడు విరిగినదాన్ని చూపించి. మైకాయన దాచిన డబ్బంతా గల్లా మీద పెట్టి, ఒంటిచెవి హెడ్‌ఫోన్లు సంచిలో వేసుకుని ఇంటికి నడిచాడు.

మర్నాడు ఉద్యోగం ఊడిందనే అనుకుని, కాళ్లీడ్చుకుంటూ మేనేజరు గదికి వెళ్లాడు. లోపల మేనేజరు నవ్వుతున్నాడు. పక్కన టై మనిషి ఇంకా నవ్వుతున్నాడు.

"రావయ్యా, కూచో. నిన్న నువ్వు నా కళ్లు తెరిపించావు" అన్నాడు మేనేజరు.

"తప్పయిపోయింది సార్. ఆ కుర్చీ మాట..."

"అది వదిలేయ్. నువ్వు దుకాణంలో కళ్లు మూసుకుని పడున్నావు. మైకు దగ్గర బతికున్న మనిషి మొత్తుకుంటున్నాడు. జనం ఎవరి మాట విన్నారు? నీ రికార్డింగు మాట. డ్రైవర్లు కూడా. నేను ఇన్నాళ్లూ పొరపాటుపడ్డాను."

మైకాయన టై మనిషి వంక చూశాడు.

"మెషిను తీసుకుంటున్నాం" అన్నాడు మేనేజరు. "వేరే గొంతు ఎందుకు, నీదే పెట్టిస్తున్నా. నిన్నటి రికార్డింగు ఉందిగా, కుర్చీ ముక్క తీసేస్తే సరిపోతుంది. నిన్ను రోడ్డున పడేస్తానా? సామాన్ల గదిలో కూచో. జీతం కొంచెం తక్కువ. పనీ తక్కువేగా."

ఇంట్లో సంగతి విని భార్య మిక్సీ ఆపేసింది. మెషిను మొదలైన రోజు అంది, "పాలకెళ్లి బస్టాండు మీదుగా వచ్చా. మైకులో ఎంత మర్యాదగా కోరుతున్నారో. పోతే పోయింది జీతం, ఆ మనిషినైనా ఇంటికి పంపించమనండి."

అలా మైకాయన సామాన్ల గదిలో చేరాడు. పెట్టెల మీద చీటీలు అంటిస్తూ, ఒంటిచెవి హెడ్‌ఫోన్లు తగిలించుకుని కూచుంటాడు. కుడిచెవిలో పాత పాట వస్తుంది. ఎడమచెవిలో గోడమీది స్పీకరులోంచి తన గొంతే "ప్రయాణికులకు విజ్ఞప్తి" అంటూ వస్తుంది. పాట ఎప్పుడూ చివరిదాకా వెళ్లదు. ఆ గొంతుకి అలుపు లేదు, జలుబు రాదు, సెలవు అడగదు. పోటీపడదామంటే అవతల ఉన్నది తనే.

ఒక మధ్యాహ్నం ఒకాయన ఊరి పేరు రాసిన బరువైన ట్రంకుపెట్టె పక్కన పెట్టుకుని, ఆ గది గుమ్మంలో కూచున్నాడు. ఆయనెక్కాల్సిన బస్సు ఎందుకో దారి మార్చుకుని అయిదో ప్లాట్‌ఫాం మీదికి వచ్చి ఆగింది. మెషినుకి గడియారం తెలుసు గానీ కిటికీలోంచి చూడ్డం తెలియదు. అది రెండో ప్లాట్‌ఫాం అనే అంటోంది. మైకాయన హెడ్‌ఫోన్లు మెడలోకి జార్చి లేచాడు.

"అయ్యా, మీ బస్సు అయిదులో ఉంది. బయల్దేరుతోంది, పరిగెత్తండి."

ఆయన ఎగాదిగా చూశాడు. "మైకులో చెప్పలేదుగా."

"మైకులో ఉన్నది నేనేనండీ. నేనే చెప్తున్నాను."

"ఊరుకో బాబూ. ఆయన గొంతెక్కడ, నీ గొంతెక్కడ. ఆయన చెప్పనీ, కదులుతా."

బస్సు పొగ వదిలి గేటు దాటింది. ఆయన నిదానంగా లేచి, ఖాళీ ప్లాట్‌ఫాం వంక చూసి, మైకాయన భుజం మీద ఓదార్పుగా చెయ్యేశాడు.

"నీ తప్పేం లేదులే. ఆ మైకులో ఆయనే, నీలాగే చెవులకి ఏదో తగిలించుకుని, మనల్ని మర్చిపోయినట్టున్నాడు."