పరదా వెనక సూపర్‌వైజరు

గురువారం పొద్దున్న తొమ్మిదింటికి అవినాష్ పెట్టుకున్న పని చాలా చిన్నది. పదకొండు గంటలకు భార్య వాసంతికి టీమ్ లీడ్ పోస్టుకి ఆఖరి ఇంటర్వ్యూ ఉంది, ఇంటి నుంచే, వీడియోలో. రెండేళ్ళుగా అందినట్టే అంది చేజారిపోతున్న పోస్టు అది. ఆ గంటసేపూ టీవీ, కెమెరాలు, ఫోన్లు ఏవీ అడ్డం రాకుండా ఆమె ఒక్కదానికే నెట్‌లో వేరే దారి వెయ్యాలి. హైటెక్ సిటీలో ఓ పెద్ద కంపెనీ నెట్‌వర్కంతా తన కనుసన్నల్లో నడుస్తుంటే, మదీనాగూడలో మూడు గదుల ఫ్లాటు ఒక లెక్కా అనుకున్నాడు.

అందుకోసం కొన్న మేనేజ్డ్ స్విచ్ టీవీ కింద అరలో కూర్చుని ఉంది. ఎనిమిది తీగలు గుచ్చుకునే చిన్న పెట్టె. ఏ తీగ ఎవరితో మాట్లాడాలో, ఎవరితో మాట్లాడకూడదో మనం చెబితే తు.చ. తప్పకుండా పాటిస్తుంది. అవినాష్ స్విచ్‌కీ రూటరుకీ చెప్పవలసినవన్నీ పావుగంటలో చెప్పేశాడు. వాసంతి లాప్‌టాప్‌లో నెట్ పరుగులు పెట్టడం కళ్ళారా చూసి, ఈల వేసుకుంటూ స్నానానికి వెళ్ళాడు.

వచ్చేసరికి నెట్ లేదు. అర ముందు గుడ్డతో దుమ్ము తుడుస్తూ అత్తగారు బాలాత్రిపురసుందరి కనిపించింది. అల్లుణ్ణి చూడగానే వంటింటి పరదా వెనక్కి వెళ్ళిపోయింది.

ఆవిడ కాకినాడ టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ముప్ఫై ఒక్క ఏళ్ళు పనిచేసి, సూపర్‌వైజరుగా రిటైరైన మనిషి. ఇంజనీర్లని నిలబెట్టి సంజాయిషీ అడిగిన నోరది. కానీ అల్లుడితో ముఖాముఖి మాట్లాడే అలవాటు వాళ్ళ వంశంలోనే లేదు. పెళ్ళయిన తొమ్మిదేళ్ళలో ఆవిడ అవినాష్‌కి చెప్పదలుచుకున్న ప్రతి మాటా వాసంతి మీదుగానే చేరింది. అవినాష్ కూడా ఎదురుపడి ఏదీ అడిగి ఎరగడు.

"వాసంతీ, అల్లుడుగారితో చెప్పవే. ఆయన స్నానంలో ఉండగా కరెంటు పోయి వచ్చింది. అప్పట్నుంచీ ఆ పెట్టె మీద దీపాల తీరు మారింది."

వాసంతి అద్దం ముందు నిలబడి తన నాయకత్వ లక్షణాలు అప్పజెప్పుకుంటోంది. "ఏవండీ, అమ్మ పెట్టె గురించి ఏదో అంటోంది," అని గదిలోంచి కేకేసింది.

అవినాష్‌కి అంతా అర్థమైపోయింది. తుడుస్తూ తీగలు పీకేసి, తోచినట్టు గుచ్చేశారు. ఇప్పుడు బాధపడుతున్నారు పాపం. "పర్లేదు, ఏమీ అనుకోవద్దని చెప్పు అత్తయ్యగారికి," అన్నాడు ఉదారంగా. చెయ్యని తప్పుకి క్షమాభిక్ష అందుకుని ఆవిడ పరదా వెనక దుమ్ముగుడ్డ గట్టిగా దులిపింది.

అవినాష్ తీగలన్నీ ఊడబీకి మళ్ళీ గుచ్చాడు. ఆ కంగారులో ఓ నీలం తీగ రెండు కొసలూ అదే పెట్టెలో పెట్టేశాడు. పెట్టె పంపిన మాట తిరిగి దానికే వచ్చింది. అది మళ్ళీ పంపింది, మళ్ళీ వచ్చింది. దీపాలన్నీ పిచ్చెత్తినట్టు కొట్టుకున్నాయి. ఇంట్లో ఉన్నవన్నీ ఆగిపోయాయి. మొహమాటపెట్టి ఈ ఇంటి నెట్‌లోంచే తీగ లాక్కున్న కింది ఫ్లాటు నారాయణప్ప మెట్లెక్కి వచ్చేశాడు.

"ఏం స్వామీ, మా నెట్టు గూడా పాయ! అనంతపురం పార్టీకి వీడియోలో ప్లాటు చూపిస్తాంటే గేటు కాడ్నే నిల్చిపాయ!"

నెట్ కంపెనీకి ఫోన్ చేస్తే పుల్లయ్య అనే అతను తీశాడు. "మా లైన్ మంచిగనే ఉంది సార్. మీ ఇంట్లనే ఏదో లొల్లి అయితుంది. జర చూస్కోండ్రి."

పది నలభై అయింది. ఫోన్ సిగ్నల్ వచ్చేది ఒక్క బాల్కనీలోనే, అక్కడేమో పక్క స్థలంలో బండలు పగలగొడుతున్నారు. వాసంతి లాప్‌టాప్ తెచ్చి హాల్లో పెట్టి, మీటింగులోకి వెళ్ళే బటన్ నొక్కుతూనే ఉంది.

"ఆ నీలం తీగ రెండో కొస ఎక్కడుందో ఎవరైనా చూస్తే బాగుండును," అని బాలాత్రిపురసుందరి ఫ్రిజ్‌తో అంది. ఫ్రిజ్ ఏమీ చెయ్యలేదు.

"ఈసారి కూడా పోయినట్టేనండీ," అంది వాసంతి. ఆమె గొంతు వణికింది.

ఆ వణుకు వినగానే పరదా తొలగింది. బాలాత్రిపురసుందరి కొంగు దోపుకుని హాల్లోకి వచ్చి నిలబడింది.

"బాబూ, ముందు చేతులు తియ్యండి."

తొమ్మిదేళ్ళలో అదే మొదటి మాట. అవినాష్ చేతులు తీసేశాడు.

"అన్నీ ఊడదీయండి. రూటరు తీగ, వాసంతి తీగ, ఆ రెండే పెట్టండి. మూడోది ముట్టుకోవద్దు." దీపాలు శాంతించాయి. నెట్ మాత్రం రాలేదు. ఆవిడ పెట్టెకేసి ఒక్క నిమిషం చూసింది. "మీరు స్నానంలో ఉండగా కరెంటు పోయింది బాబూ. పొద్దున్న మీరు చెప్పినవి ఆ పెట్టె రాసుకుందా, విని ఊరుకుందా?"

అవినాష్ నుదురు కొట్టుకున్నాడు. సేవ్ చెయ్యలేదు! తనంతట తనే రాసుకునే రూటరు కొత్త పద్ధతిలో మాట్లాడుతుంటే స్విచ్ అంతా మరిచిపోయి కొన్ననాటి పద్ధతిలో కూర్చుంది. సేవ్ చెయ్యనిదే కుర్చీలోంచి లేవకూడదని ఆఫీసులో గోడకి కాగితం అంటించినవాడు తనే. నెట్‌ని వేరువేరు దారులుగా విడదీసే విఎల్ఏఎన్‌లన్న మాటే ఎరగని ఈ మనిషి వేలు సరిగ్గా అక్కడే పెట్టింది. సిగ్గు కన్నా ముందు అతనికి ఆవిడకి దణ్ణం పెట్టాలనిపించింది.

గబగబా అన్నీ మళ్ళీ చెప్పాడు. పది యాభై ఆరుకి నెట్ వచ్చింది.

"రాసుకోమన్నారా?"

"అన్నానండి."

"రాసుకుందో లేదో చూడండి. నమ్మకం వేరు, చూడటం వేరు. ఇప్పుడు ఒక్కొక్క తీగే పెట్టండి. పెట్టినప్పుడల్లా వాసంతిది నడుస్తోందో లేదో చూడండి."

అప్పుడు లాప్‌టాప్‌లోంచి ఎవరో దగ్గారు. వాసంతి తిరిగి చూస్తే మీటింగు ఎప్పుడో తెరుచుకుంది, మైకు కూడా. తెరమీద ఇంటర్వ్యూ చేసే ముగ్గురూ చెంపకి చెయ్యి ఆనించుకుని వింటున్నారు. "తొందరేం లేదు, వాళ్ళని పూర్తిచెయ్యనివ్వండి," అంది మధ్యలో ఉన్న పై అధికారి ప్రియదర్శిని.

ఇంటర్వ్యూ సజావుగా జరిగింది. మధ్యాహ్నం ప్రియదర్శినే ఫోన్ చేసింది. "కంగ్రాట్స్ వాసంతిగారూ, పోస్టు మీదే. ఇంకో మాటండి. మా దగ్గర నెట్‌వర్క్ వాళ్ళు పదిహేను మంది ఉన్నారు. మీ అమ్మగారు వారానికో రోజు వచ్చి వాళ్ళకి పని చూపిస్తారేమో అడుగుతారా?"

బాలాత్రిపురసుందరి కూర తరుగుతూనే ఆలోచించింది. "ముందు వాళ్ళ ఆఫీసులో ఏ తీగ ఎక్కడికి వెళ్తుందో రాసిన కాగితం పంపమను. చూసి చెబుతాను."

ఆ కాగితం కోసం ఆ కంపెనీ ఇప్పటికీ వెతుకుతూనే ఉంది.