సెత్సునో తవుడు జాడీ

ఆ ఉదయం ఇవావో మాస్టారు పెట్టుకున్న పని ఒక్కటే, కీరదోసకాయలు ఊరడానికి తవుడు జాడీలో పాతిపెట్టడం. మధ్యాహ్నం భార్య సెత్సునో సంవత్సరీకం. ఒసాకా నుంచి కూతురు చిజురు వస్తోంది.

"ఏమీ హైరానా పడకు నాన్నా. అమ్మ ఊరబెట్టే రుచితో ఒక్క ముక్క చాలు. వెళ్ళేటప్పుడు కాస్త తవుడు పట్టుకెళ్తా" అని ఫోనులో చెప్పింది.

ఆ తవుడు సెత్సునో కాపురానికి వస్తూ పుట్టింటి నుంచి తెచ్చుకున్నది. ఉప్పు, ఎండుమిరప, సముద్రపు నాచు కలిపి, రోజూ వట్టి చేత్తో అడుగు నుంచి పైకి తిరగేస్తూ కాపురమంతా దాన్ని బతికించింది.

మూత తీసేసరికి తవుడు చెడి వార్నిష్ వాసన గుప్పుమంది. ఏడాదిగా మాస్టారు కలుపుతూనే ఉన్నాడు, కాని పైపైనే. అడుగున ఆమె చెయ్యి తగిలిన తవుడుందని, దాన్ని కదపడానికి మనసొప్పేది కాదు.

గాలి తగిలితే తేరుకుంటుందేమోనని జాడీని గేటు పక్క నీడలో పెట్టి, కొత్త తవుడు కోసం బియ్యం కొట్టుకు వెళ్ళాడు. అది చెత్తబండి వచ్చే రోజన్న సంగతి గుర్తు లేదు. తిరిగొచ్చేసరికి జాడీ లేదు. వీధి మలుపులో చెత్తబండి పాట వినిపిస్తోంది.

మాస్టారు సైకిలెక్కాడు. తవుడు సంచీ చిరిగి వెనక ధార కట్టింది. పావురాలు వెంటపడ్డాయి. చేపల కొట్టు గెన్తా అడ్డం వచ్చాడు.

"ఏమైంది మాస్టారూ?"

"సెత్సునో జాడీ... బండిలో పోయింది."

ఆగకుండా వెళ్ళిపోయాడు. ఆ మాట టోఫు కొట్టు దాటి పూలకొట్టుకు చేరేసరికి జాడీ అస్థికల జాడీ అయింది. పూలకొట్టు నుంచి గుడికి చేరేసరికి దాన్ని పారేసినవాడు మాస్టారే అయ్యాడు.

చెత్తబండి మనిషి తల అడ్డంగా ఊపాడు. "జాడీలు మేం ఎత్తం తాతగారూ. పగిలే సామాను వచ్చే వారం."

ఇంటికొచ్చేసరికి గేటు ముందు వీధి వీధంతా ఉంది. పూజారిగారు ముందే వచ్చేశారు.

"దుఃఖంలో మనిషి ఏదో చేస్తాడు. అందరం కలిసి వెతుకుదాం" అన్నారాయన.

"అంతమంది ఎందుకండీ? అది తవుడు."

పూజారి ఆయన భుజం తట్టారు. "బూడిదైనా తవుడైనా చివరికి ఒకటే నాయనా."

సూట్‌కేసుతో అప్పుడే దిగిన చిజురుకు ఏమీ అర్థం కాలేదు. ఇంతలో పక్కింటి ఓరియే వచ్చింది. మాస్టారి మొహం చూడకుండా, దోసకాయ ముక్కల పళ్ళెం చిజురు చేతికిచ్చింది. చిజురు ఒక ముక్క కొరికింది. కళ్ళు నిండాయి.

"అమ్మ చేతి రుచే."

"ఓరియేగారూ, ఇదెక్కడిది?" అన్నాడు మాస్టారు.

"మీరు పారేసిన జాడీ మా వంటింట్లో ఉంది. సంవత్సరీకం రోజున ఆవిడ జాడీ గేటు బయట పెడతారా?"

"గాలికి పెట్టానండీ."

"చెత్తబండి రోజునా?"

మాస్టారు మెట్టు మీద కూలబడ్డాడు. "పోనీలెండి. రుచి బతికింది."

ఓరియే పళ్ళెం కేసి చూసింది. "ఆ ముక్కలు మీ జాడీవి కావు. మీది కోలుకోవడానికి ఇంకా వారం పడుతుంది. ఇవి మా జాడీవి."

"మరి అమ్మ రుచి ఎలా వచ్చింది?" అంది చిజురు.

"ప్రతి వానాకాలం మీ అమ్మ జాడీ పాడయ్యేది. మా తవుడు కోసం గిన్నె పట్టుకుని మధ్య గోడ దగ్గరకొచ్చేది. ‘మా ఆయనకు చెప్పకు వదినా, పుట్టింటి పరువు పోతుంది’ అనేది. ఇన్నేళ్ళూ మీరు తిన్నది మా అత్తగారి తవుడు తల్లీ."

ముందు చిజురు నవ్వింది. తర్వాత మాస్టారు నవ్వాడు. ఆయన నవ్వు విని ఏడాదైంది గనక, వీధిలో జనం ఇంకా కంగారుపడ్డారు.

మర్నాడు చిజురు ఓరియే ఇంటి తవుడు పొట్లం కట్టుకుని బయల్దేరింది. మాస్టారు ఓరియే ఇంటి నుంచి తెచ్చుకున్న తన జాడీలో మోచేతిదాకా చెయ్యి పెట్టి, అడుగు నుంచి పైకి తిరగేశాడు. తర్వాత గిన్నె పట్టుకుని గోడ దగ్గరకు నడిచాడు, ఇంటి ఆచారం తన హయాంలో తప్పకూడదని.